శిలాఫలకం మీద ఏం రాయాలి?

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ, పదకొండు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

ఆమె తండ్రి నిరుడు ఎనభై ఏళ్ళ వయసులో కాలం చేశారు. చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అంటే 1963లో, పంతొమ్మిదేళ్ళ కుర్రవాడిగా సైన్యంలో చేరి, సిగ్నల్స్ విభాగంలో వైర్‌లెస్ ఆపరేటరుగా పదిహేనేళ్ళు పనిచేసి, 1978లో హవల్దారు హోదాలో బయటికి వచ్చారు. రెండేళ్ళ తరవాత ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. 2004లో పదవీ విరమణ చేసేదాకా అక్కడే ఉన్నారు. కృష్ణా జిల్లాలోని సొంత ఊళ్ళో ఆయనను ‘రేడియో మిలటరీ గారు’ అనేవారట. ఇంట్లో మాత్రం ఆయన యుద్ధం సంగతి గానీ రేడియో సంగతి గానీ పెద్దగా మాట్లాడలేదు.

సంవత్సరీకం ఇంకో నెలన్నరలో ఉంది. ఆ రోజుకు ఆమె అన్నయ్య ఒక సంస్మరణ సంచిక అచ్చు వేయిస్తున్నారు. ఊరి హైస్కూలుకు విరాళమిచ్చి, ఆవరణలో శిలాఫలకం పెట్టిస్తున్నారు. ఫలకం మీద ‘1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున శత్రువులతో పోరాడిన వీరయోధుడు, ఆకాశవాణి వార్తాపఠకుడు’ అని చెక్కించాలని ఆయన నిర్ణయం. ఈలోగా, అమ్మగారి దగ్గర పది రోజులు ఉండడానికి వెళ్ళిన మన పాఠకురాలు, అటక మీదున్న నల్ల ట్రంకు పెట్టె దింపించారు. మూత మీద తెల్లరంగుతో ఆయన ఆర్మీ నంబరు. లోపల డిశ్చార్జి బుక్కు, నాలుగు పతకాలు, ఆకాశవాణి నియామక పత్రం, అమ్మగారికి రాసిన ఇన్‌లాండ్ లెటర్లు నలభై దాకా, ఆరు స్పూలు టేపులు, కొన్ని క్యాసెట్లు, ఇరవై నాలుగేళ్ళ డ్యూటీ నోటుపుస్తకాలు. నియామక పత్రంలో ఉద్యోగం పేరు టెక్నీషియన్. నోటుపుస్తకాల్లో స్టూడియో నంబర్లు, టేపు నంబర్లు, ఏ నిమిషంలో ప్రసారం ఆగిందో, ఎన్ని సెకన్లలో తిరిగి అందుకున్నదో రాసుకున్నారు. వార్తలు చదివినట్టు ఎక్కడా లేదు. యుద్ధం నాటి ఉత్తరాల మీద చిరునామా ‘99 ఎ.పి.ఓ.’ (ఎ.పి.ఓ. అంటే సైనిక తపాలా కార్యాలయం) అని ఉంది. వాటిలో ఒక ఉత్తరం, తన పక్కన సెట్టు మీద కూర్చునే కుర్రవాడు చనిపోయాడనీ, ఆ కబురును పై కార్యాలయానికి తానే పంపవలసి వచ్చిందనీ నాలుగు వాక్యాల్లో చెప్పి, ‘ఈ సంగతి మళ్ళీ ఎప్పుడూ నన్ను అడగవద్దు’ అన్న మాటతో ముగిసింది.

ఆమె ఇదంతా ఫోనులో చెప్పబోతే అన్నయ్య అన్న మాటలు ఇవి: ‘మూడేళ్ళు నాన్నను ఎత్తి కూర్చోబెట్టింది నేను. పెట్టె తెరిచి కాగితాలు చదివినదానివి నువ్వు. నాన్న ఎవరో నాకు చెప్పకు.’ అమ్మగారేమో, ‘పోనీలే, మంచిగానే రాస్తున్నాడు కదే’ అంటున్నారు. ‘నేను నోరు మూసుకుంటే అబద్ధానికి సాక్షిని అవుతానా? నోరు తెరిస్తే, నాన్న తుపాకి పేల్చలేదు, వార్తలూ చదవలేదు అని ఊరందరికీ చాటినదాన్ని అవుతానా?’ అన్నది ఆమె ప్రశ్న. ఆ ఉత్తరాన్ని, టేపులను ఏం చేయాలో కూడా అడిగారు.

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ముందు ఆపినవి ఆ నాలుగు పతకాలు. వాటి మీది అక్షరాలను మీరు శ్రద్ధగా దించి పంపారు కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ అన్నయ్య వాటిని శౌర్య పతకాలు అనుకుంటున్నారు, మీరేమో అవి ‘అందరికీ ఇచ్చేవే’ అని కాస్త చిన్నబుచ్చుకుంటున్నారు. ఇద్దరి లెక్కా సరిగా లేదు.

వీరచక్ర, సేనా మెడల్ వంటి శౌర్య పురస్కారాలేవీ ఆ పెట్టెలో లేవన్న మాట నిజం. రక్షా మెడల్ 1965 యుద్ధానికి సంబంధించినది. ఆ ఏడు ఆగస్టు 5 నాటికి కనీసం 180 రోజుల సర్వీసు ఉన్నవారికి ఇచ్చారు. సంగ్రామ్ మెడల్ 1971 యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవారికి ఇచ్చినది. మూడోది 1972లో స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్ళు నిండిన సందర్భంగా ఇచ్చినది. ఈ మూడూ ఆయన ఆ రోజుల్లో సైన్యంలో ఉన్నారని చెబుతాయి, అంతకు మించి చెప్పవు. నాలుగోది, మీరు ‘నక్షత్రంలా ఉంది’ అని రాసిన పూర్వీ స్టార్, అలాంటిది కాదు. 1971లో తూర్పు రంగంలో పనిచేసినవారికే అది దక్కింది. పడమర సరిహద్దున ఉన్నవారికి ఇచ్చినది పశ్చిమీ స్టార్. రాజస్థాన్ పడమర వైపు సరిహద్దు కాబట్టి, మీ నాన్నగారు అక్కడ పోరాడి ఉంటే పెట్టెలో పశ్చిమీ స్టార్ ఉండవలసింది. పైగా ఉత్తరాల మీద 99 ఎ.పి.ఓ. అన్న చిరునామా తూర్పు వైపు దళాలది. ఉత్తరాదిన, పడమరన ఉన్నవారికి వెళ్ళే ఉత్తరాల మీద 56 ఎ.పి.ఓ. అని రాసేవారు. రెండు వేరువేరు సాక్ష్యాలు ఒకే దిక్కును చూపిస్తున్నాయి. పతకం అంచునో వెనకనో సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. పెట్టె మూత మీది నంబరుతో సరిపోల్చుకోండి.

మరి రాజస్థాన్ ఎక్కడి నుంచి వచ్చింది? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. తొంభయ్యో దశకంలో ఒక హిందీ యుద్ధ చిత్రాన్ని మీ అన్నయ్య నాన్నగారితో కలిసి విజయవాడలో చూశారనీ, హాలు నుంచి బయటికి వచ్చాక ‘మీరు కూడా ఇలాగే ఉన్నారా?’ అని అడిగితే ఆయన ‘ఊఁ’ అన్నారనీ రాశారు. ఆ ‘ఊఁ’ను నేను తేలిగ్గా తీసుకోను. మాట్లాడడం ఇష్టంలేని మనిషి, కళ్ళు వెలిగిపోతున్న కొడుకు ముందు అన్న ఒక్క అక్షరం అది. మీ అన్నయ్య కథ అల్లలేదు. తండ్రి తనకిచ్చిన ఆ ఒక్క అక్షరాన్ని పాతికేళ్ళు దాచుకున్నారు. దాన్ని మీరు ఫోనులో ‘తప్పు’ అన్నారు. ఆయన మాటల్లోని కోపం చాలావరకు అక్కడిదే అనిపిస్తోంది.

ఇక సిగ్నల్స్ సంగతి. తుపాకి పేల్చనివాడు యుద్ధం చేయలేదన్న భావన మీ ఇద్దరిలోనూ ఉంది. మీ అన్నయ్య అలా అనుకుని ఆ లోటును రాజస్థాన్‌తో పూడుస్తున్నారు, మీరు అలా అనుకుని ఊరి ముందు సిగ్గుపడుతున్నారు. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది. అడుగడుగునా నదులు అడ్డుపడే తూర్పు బెంగాల్ నేల మీద, రోజుకు రోజుకూ ముందుకు కదిలిపోతున్న దళాలకు వెనక ఉన్న కమాండర్లతో సంబంధం ఎలా ఉంటుందో ఆలోచించండి. ముందున్న బెటాలియను ఎక్కడుందో, వంతెన ఉందో కూలిందో, మందుగుండు ఎంత మిగిలిందో, ఎవరు చనిపోయారో, ఇవన్నీ ఎవరో ఒకరు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, గరగరల మధ్య విని, రాసి, తిరిగి పంపితేనే పైవారికి తెలుస్తాయి. సిగ్నల్స్ విభాగపు నినాదం ‘తీవ్ర చౌకస్’. అంటే వేగంగా, అప్రమత్తంగా. వచ్చిన సందేశానికి ఒక అక్షరం కలపకూడదు, ఒక అక్షరం తగ్గించకూడదు. తన పక్కవాడి మరణవార్తకు కూడా ఇదే నియమం. మీ నాన్నగారు ఆ నాలుగు వాక్యాల ఉత్తరం ఎందుకంత పొడిగా రాశారో నాకు ఇక్కడ అర్థమైంది.

రేడియో ఉద్యోగానికి వస్తే, అదీ ఇదే పని అని నోటుపుస్తకాలు చదువుతూ మీరే గమనించి ఉండవలసింది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం అనగానే మన తరానికి గొంతులు గుర్తుకొస్తాయి. ఉషశ్రీ ధర్మసందేహాలు చెప్పే వేళకు వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా ఒకే గొంతు వినిపించేది. ఢిల్లీ నుంచి వచ్చే సంస్కృత వార్తల్లో ‘ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్’ అన్న వాక్యం ఒక్క ముక్క సంస్కృతం రానివారికీ కంఠతా వచ్చు. ఢిల్లీ నుంచి వచ్చే ఆ వార్తలను సమయానికి అందుకుని 837 కిలోహెర్ట్జ్ మీద మన ఇళ్ళకు చేర్చడానికి ఇక్కడ కంట్రోల్ రూములో ఒక మనిషి కావాలి. తెల్లవారుజామున సంకేత సంగీతం మోగాలన్నా, స్టూడియోలో కళాకారుడి గొంతు పగలకుండా టేపు మీదికి ఎక్కాలన్నా మీటరు ముల్లు చూస్తూ నాబ్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవారు ఉండాలి. ఊళ్ళో జనానికి ఈ తేడాలు తెలియవు. రేడియోలో పనిచేస్తారంటే ‘వార్తలు చదువుతారా?’ అని అడగడం, ఈయన నవ్వి ఊరుకోవడం, అది కొన్నాళ్ళకు ‘చదువుతారు’గా మారడం సహజంగా జరిగి ఉంటుంది. మా ఊళ్ళో తపాలా శాఖలో సార్టరుగా చేసినాయనను చనిపోయేదాకా పోస్టుమాస్టరు గారనే అన్నాము; ఆయనా దిద్దలేదు, మేమూ అడగలేదు.

మీరు ఉత్తరం చివర, అంత ముఖ్యం కాదన్నట్టు, ఒక పేరాలో రాసిన సంగతి నాకు మిగతా అంతటికంటే ముఖ్యంగా కనబడింది. 1990 మే నెల తుపానులో నాన్నగారు మూడు రోజులు ఇంటికి రాలేదనీ, నాలుగో రోజు తడిసిన బట్టలతో వచ్చి, అన్నం కూడా తినకుండా పడుకున్నారనీ, మీకప్పుడు పద్దెనిమిదేళ్ళనీ రాశారు. ఆ తుపాను మే 9న కృష్ణా నది ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అంతకు పదమూడేళ్ళ ముందు, 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో, దాని చుట్టుపక్కల పది వేల మందికి పైగా పోయారు. 1990లో వచ్చినదీ చిన్న తుపాను కాదు. అయినా మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. లక్షల మందిని ముందుగా ఖాళీ చేయించడం, హెచ్చరికలు ఊరూరా చేరడం ఇందుకు ప్రధాన కారణాలు. కరెంటు పోయిన ఇళ్ళలో బ్యాటరీ ట్రాన్సిస్టరు ఒక్కటే మాట్లాడే రోజులవి. ఆ నెల నోటుపుస్తకం తెరవండి. మే 7 నుంచి 10 దాకా ఏం రాసుకున్నారో చూడండి. హైస్కూలు పిల్లలకు చెప్పదగిన సంగతి ఏదైనా ఉంటే, అది ఆ పేజీల్లో ఉంటుందని నా ఊహ. సముద్రానికి అంత దగ్గరలో పెరిగే పిల్లలకు రాజస్థాన్ ఎడారి కంటే ఆ మూడు రోజులు బాగా తెలుస్తాయి కూడా.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీరు ఏమీ అనకుండా సంవత్సరీకానికి వెళ్ళి, ఫలకం ఆవిష్కరిస్తుంటే చప్పట్లు కొట్టి రావచ్చు. అమ్మగారి మనసు కుదుటగా ఉంటుంది, అన్నయ్యతో మాటలు ఉంటాయి. దానికి చెల్లించవలసిన మూల్యం ఎక్కడ పడుతుందో మాత్రం తెలుసుకోండి. మీ జిల్లాలో, పక్క జిల్లాల్లో మాజీ సైనికులు తక్కువమంది లేరు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊరు ఉన్న ప్రాంతమది. సంచికలో పతకాల ఫోటో వేస్తున్నారని రాశారు. ఆ ఫోటోలో పూర్వీ స్టార్, దాని కింద రాజస్థాన్ అన్న మాట చూసిన ఏ రిటైర్డు సుబేదారైనా ఒక్క చూపులో పసిగడతాడు. ఆ పొరపాటు మీ అన్నయ్యదని ఆయన అనుకోడు, మీ నాన్నగారు ఊళ్ళో గొప్పలు చెప్పుకునేవారని అనుకుంటాడు. జీవితమంతా నోరు విప్పని మనిషికి ఇంతకంటే అన్యాయం ఉండదు. మీ అన్నయ్యకు చెప్పడానికి నాకు తోచిన బలమైన కారణం ఇదొక్కటే. ‘నిజం’ అన్న పెద్ద మాట కంటే ఇది ఆయనకు త్వరగా తగులుతుంది.

రెండోది, మీ దగ్గరున్న కాగితాలతో ఎదురు నిలవడం. హెడ్మాస్టరుకు ఉత్తరం రాయవచ్చు, బంధువులకు ఫోటోలు పంపవచ్చు, సొంతంగా మరో పుస్తకం వేయవచ్చు. ఫలకం ఆగవచ్చు కూడా. ఆ తరవాత ఊళ్ళో మీ నాన్నగారి పేరు ఎత్తితే ఆయన పని గుర్తుకురాదు. అన్నాచెల్లెళ్ళ తగాదా గుర్తుకొస్తుంది. అమ్మగారు ఎవరి ఇంట్లో ఉన్నారన్నదాన్ని బట్టి ఎవరిది ఒప్పో జనం తేలుస్తారు, ఆవిడ ఉంటున్నది మీ అన్నయ్య ఇంట్లో. మీరు గెలిచినా ఏం గెలిచారో చెప్పుకోలేని గెలుపు అది. మరో మాట, నొచ్చుకోకండి. పదకొండు పేజీల్లో ‘నేను రాలేకపోయాను’ అన్న వాక్యం ఆరుసార్లు వచ్చింది. ఆఖరి మూడేళ్ళు దగ్గర లేనన్న బాధ ఒకవైపు, పెట్టె తెరిచి నాన్నగారిని అన్నయ్య కంటే బాగా తెలుసుకున్నానన్న తృప్తి మరోవైపు మీలో కలగలిసి ఉన్నాయి. సహజమే. కానీ ఫోనులో మీ గొంతులో ఆ తృప్తి వినబడి ఉంటే, మీ అన్నయ్య కోపాన్ని నేను పూర్తిగా తప్పుపట్టలేను.

వాయిదా వేయించడం ఇంకో దారి. సంవత్సరీకానికి శాస్త్రోక్తంగా జరగవలసినది జరిపించి, ఒక ఫోటో, రెండు పుటల కరపత్రంతో సరిపెట్టి, సంచికను, ఫలకాన్ని మరుసటి ఏడుకు జరపమని అడగవచ్చు. సావకాశం దొరుకుతుంది. ఈలోగా మీ అమ్మగారి సంతకంతో, ఆర్మీ నంబరు రాసి, జబల్‌పూరులోని సిగ్నల్స్ రికార్డ్స్ కార్యాలయానికి సర్వీసు వివరాల కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంవారు దరఖాస్తు ఎలా రాయాలో చెబుతారు. ఇబ్బంది ఏమిటంటే, ప్రెస్సువాళ్ళకు అడ్వాన్సు ఇచ్చేశారు, బంధువులకు చెప్పేశారు. ఆపితే మీ అన్నయ్యకు పదిమందిలో తలవంపు అవుతుంది, దానికి కారణం మీరని అందరికీ తెలుస్తుంది.

నాకు ఎక్కువ నచ్చిన నాలుగో దారి అంత గంభీరమైనది కాదు. పుస్తకాన్ని, రాయిని విడదీసి చూడండి. నోటిమాటను మరునాడు సవరించుకోవచ్చు, అచ్చులో తప్పు వస్తే తప్పొప్పుల పట్టిక అంటించవచ్చు, రాయి మీద చెక్కినదాన్ని మాత్రం ఉలితో చెరిపితే ఆ చెరిపిన గుర్తే మిగులుతుంది. కాబట్టి మీ పట్టుదల అంతా రాయి మీద పెట్టి, పుస్తకంలో ఉదారంగా ఉండండి. రాయి మీద పేరు, ‘భారత సైన్యం, సిగ్నల్స్ విభాగం, 1963–1978, పూర్వీ స్టార్ గ్రహీత, ఆకాశవాణి, విజయవాడ కేంద్రం, 1980–2004’ అని ఉంటే చాలు. ఇందులో మీ అన్నయ్య గర్వానికి లోటు లేదు, ఎవరూ వేలు పెట్టి చూపగల తప్పూ లేదు. మార్పు మీ నుంచి వచ్చినట్టు కాక, పతకం నుంచి వచ్చినట్టు ఉండాలి. ఫోటోలు వాట్సాపులో పంపకండి. పూర్వీ స్టార్‌ను తీసుకుని ఊరికి వెళ్ళి, ఆయన చేతిలో పెట్టి, వెనకనున్న నంబరు ఆయన చేతనే చదివించండి. ఈ పతకం గురించి సంచికలో ఎవరు రాస్తే బాగుంటుందని అడగండి.

పుస్తకంలో ఉదారంగా ఉండడమంటే అబద్ధానికి చోటివ్వడమని అనుకోకండి. సినిమా హాలు ముందు నాన్న ‘ఊఁ’ అన్నారన్నది జరిగిన సంగతే. దాన్ని ‘నాన్నగారు రాజస్థాన్‌లో పోరాడారు’ అని కాకుండా, ‘ఆ రోజు నేనిలా అడిగాను, ఆయన ఇలా అన్నారు, ఆయన తూర్పున ఉన్నారని తరవాత పెట్టె చెప్పింది’ అని మీ అన్నయ్య పేరుతో వేస్తే, సంచిక మొత్తంలో జనం రెండోసారి చదివే పేజీ అదే అవుతుంది. ‘వార్తలు చదివేవారట’ అన్నదాన్ని కూడా ఊరివాళ్ళ మాటగా వేయండి. అంతకంటే ముఖ్యం, ఆఖరి మూడేళ్ళ గురించి ఆయన చేత రాయించండి. ఎత్తి కూర్చోబెట్టిన చేతులకు తెలిసినవి ఏ ట్రంకు పెట్టెలోనూ దొరకవు. రాత్రివేళ నాన్నగారు ఏం పలవరించేవారు, ఏ స్టేషను పెట్టమనేవారు, చివరిదాకా రేడియో తలగడ పక్కన ఉందా లేదా? ఇవి మీకు తెలియవు, ఆయనకు తెలుసు. మీరు అడిగితే, ఫోనులో అన్న మాటకు జవాబు చెప్పినట్టే. ఇంత చేసినా ఆయన ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు రాజస్థాన్ అన్న ఒక్క పదం తీసేయించగలిగినా చాలనుకుని, ‘వీరయోధుడు’ను ఉండనివ్వండి. ఆ పదం పరిమాణాన్ని ఎవరూ కొలవలేరు, దిక్కును మాత్రం ఎవరైనా కొలుస్తారు.

ఆ ఉత్తరం విషయంలో నేను ఇంత మెత్తగా లేను. అది మీ అమ్మగారికి రాసినది. తపాలాలో వచ్చి యాభై ఏళ్ళు దాటినా, పెట్టె మీరు తెరిచినా, అది ఆవిడదే. మీరు చదివేశారన్న సంగతి ఆవిడకు ముందుగా చెప్పండి. యుద్ధం జరిగేనాటికి ఆవిడ మిమ్మల్ని కడుపుతో ఉన్నారు. ‘ఎప్పుడూ అడగవద్దు’ అన్న మాటను ఆవిడ ఆయన పోయేదాకా పాటించి ఉంటే, ‘పోనీలే’ అన్న ఆవిడ మాటను బలహీనతగా లెక్కగట్టే హక్కు మనకు లేదు. ఆవిడ వేయమంటే వేయండి, వద్దంటే మళ్ళీ పెట్టెలో పెట్టండి. వేసినా, చనిపోయిన ఆ కుర్రవాడి పేరు, ఊరు తీసేయండి. అతని వాళ్ళు ఎక్కడో ఉన్నారు. తమ బిడ్డ ఎలా పోయాడో వాళ్ళకు ఏం చెప్పారో మనకు తెలియదు, మన సంచిక ద్వారా తెలియవలసిన సంగతి కాదది.

డిశ్చార్జి బుక్కు గురించి ఒక పక్కమాట. దాన్ని ఫోటోకు మాత్రమే ఇవ్వండి, ప్రెస్సులో వదలకండి. సైన్యంలో పదిహేనేళ్ళు, ఆకాశవాణిలో ఇరవై నాలుగేళ్ళు చేసిన మనిషి భార్యకు సైనిక కుటుంబ పింఛను, సివిల్ కుటుంబ పింఛను రెండూ తీసుకునే వీలు 2012 నుంచి ఉంది. అమ్మగారికి ఒకటే వస్తున్నట్టు మీ ఉత్తరంలో ఒకచోట కనబడింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి వెళ్ళి బ్యాంకులో, సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి. రాయి మీది మాటల కంటే ముందు ఈ పని మీద కలిసి తిరిగితే, ఆ మాటలు కుదరడం కాస్త తేలికవుతుందేమో కూడా.

టేపుల సంగతికి వస్తాను. క్యాసెట్లలో ఇంట్లో రికార్డు చేసుకున్నవి మీ కుటుంబానివి. ఆకాశవాణి కార్యక్రమాలు అలా కావు. ఉద్యోగంలో భాగంగా తయారైనవాటి హక్కులు సంస్థవి. సౌండు రికార్డింగుకు కాపీరైటు అరవై ఏళ్ళు ఉంటుంది, దానిలో పాడినవారి, రాసినవారి హక్కులు వేరే. ఇంట్లో వినడానికి, దాచుకోవడానికి ఏ అడ్డూ లేదు. యూట్యూబులో మొత్తంగా పెట్టాలనుకుంటే మాత్రం ముందు ప్రసారభారతి ఆర్కైవ్స్‌కు రాయండి. టేపు ఖరీదైన రోజుల్లో, ప్రసారమైనవాటిని చెరిపి మళ్ళీ వాడుకోవడం రేడియో కేంద్రాల్లో మామూలు. అందువల్ల మీ దగ్గర ఉన్నది వాళ్ళ దగ్గర లేకపోయే అవకాశమూ ఉంది.

ఆ స్పూళ్ళను పాత మిషను ఎక్కడైనా దొరికింది కదా అని ఇంట్లో తిప్పి చూడకండి. ముప్పై నలభై ఏళ్ళు అటక మీద వేడికి, తేమకు ఉన్న టేపు మీది పూత ఒక్కసారి తిప్పితేనే రాలిపోవచ్చు. మొదటిసారి తిప్పడమే రికార్డు చేసుకోవడం కావాలి. అలవాటైనవారికే ఇచ్చి, కుదించని డబ్ల్యు.ఎ.వి. ఫైలుగా తీయించి, మీ దగ్గర ఒక ప్రతి, అన్నయ్య దగ్గర ఒక ప్రతి ఉంచండి. ఇచ్చేముందు ప్రతి డబ్బానూ, లోపల ఆయన చేతిరాతతో ఉన్న చీటీనీ ఫోటో తీయండి, డబ్బాలు తారుమారైతే ఏ టేపు ఏదో చెప్పేవారు ఇప్పుడు లేరు. ఒక క్యాసెట్టులో పాట మొదలయ్యే ముందు, ‘ఒకటి, రెండు, మూడు’ అని లెవెలు చూసుకుంటున్న గొంతు నాన్నగారిదేమోనని అనుమానంగా రాశారు. మీకు అనుమానమే. మూడేళ్ళు రాత్రింబవళ్ళు ఆ గొంతు విన్న మనిషి మాత్రం ఒకరు ఉన్నారు. ఊరికి వెళ్ళేటప్పుడు పూర్వీ స్టార్‌తో పాటు ఆ క్యాసెట్టు, ఒక ప్లేయరు కూడా తీసుకెళ్ళండి.